బికాజ్ ఆఫ్ ఎస్తేరు

షిల్లాంగు నుంచి,
వాన కురుస్తున్న ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అక్క సారమ్మకు, నీ తమ్ముడు జకరయ్య చేతులు జోడించి వందనాలు చెప్పుకుని రాస్తున్న సంగతులు.

దేవుని దయ వల్ల ఇక్కడ నేనూ, మా చిన్నమ్మాయి ఎస్తేరూ బాగున్నాము. అక్కడ నువ్వు ఎలా ఉన్నావు? ఆపరేషన్ చేసిన కంట్లో నీరు కారడం తగ్గిందా? మోకాళ్ళకు ఆముదం రాస్తున్నావా, లేక ఎవరైనా వచ్చి రాస్తారని ఎదురుచూస్తున్నావా? ప్రసాదు మిరపతోట ఎలా ఉంది, ఈసారైనా కాయ నిలబడిందా? కోడలు నీతో మాట్లాడుతోందా, ఇంకా అలకేనా? నీ వెంటే తిరిగే ఆ కుంటి మేక బాగుందా? అందరి సంగతీ రాయించు. నా గురించి మాత్రం బెంగ పెట్టుకోవద్దు. వేళకు అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది, ఆయాసం మందు మర్చిపోకుండా పీలుస్తున్నాను. మళ్ళీ చెబుతున్నాను అక్కా, బెంగ పెట్టుకోవద్దు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నువ్వు అడుగుతావు. నీకు ఫోన్లో వినపడదు. పోయినసారి నేను ఇక్కణ్ణుంచి అరిచిన అరుపులకు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ, ముసలాయనకు ఏమైందోనని మెట్లెక్కి వచ్చేసింది. నువ్వేమో "ఏందిరా, బస్సెక్కావా" అన్నావు. ఎక్కలేదక్కా అని అరిస్తే, "సరే, కారంపూడిలో దిగంగానే ప్రసాదుకు ఫోన్ కొట్టు" అన్నావు. ఆ రోజు నవ్వుకున్నాను గానీ తర్వాత మనసు పట్టేసింది. అందుకే కాగితం తీశాను. ప్రసాదు చేత చదివించుకో. ఒరేయ్ ప్రసాదూ, మీ అమ్మ పక్కన కూర్చుని నిదానంగా చదువు. బాగున్న ముక్కలు చదివి, బాగాలేని ముక్కలు మింగొద్దు.

ముందే చెప్పేస్తున్నాను అక్కా. ఈ ఉత్తరంలో నాకు చెప్పలేనంత సంతోషం కలిగించిన సంగతి ఒకటి ఉంది. నీకు కష్టం కలిగించే సంగతి ఒకటి ఉంది. రెండూ ఒకటే సంగతి. నువ్వు వసారా పక్క గదిలోంచి మిరపకాయ బస్తాలు బయట పెట్టించి, గోడలకు వెల్ల వేయించి, మంచానికి కొత్త నులక అల్లించావని ప్రసాదు చెప్పాడు. క్రిస్మస్ వెళ్ళగానే తమ్ముడు వచ్చేస్తాడని వాడంతా చెప్పుకుంటున్నావట. ఈ ఉత్తరం ఆ గది గురించే. కానీ మొదటి నుంచి చెప్పనివ్వు. అలా అయితే తప్ప నాకు చెప్పడం చేతకాదు.

ఈ ఊరి సంగతి ఏమని చెప్పను. మన పల్నాడుకు రావలసిన వానంతా దారి తప్పి ఇక్కడికే వస్తోందేమోనని నా అనుమానం. మనం పత్తిగింజ నాటి, ఆకాశం వంక చూసీ చూసీ మెడలు పట్టేసుకునేవాళ్ళం. ఇక్కడ ఆకాశం వంక చూసే మనిషే లేడు, అందరూ కాళ్ళ కింద నీళ్ళ వంకే చూసుకుంటూ నడుస్తారు. కొండ మీద ఇల్లు, ఆ ఇంటి నెత్తిన ఇంకో ఇల్లు. మేఘం కిటికీలోంచి లోపలికి వస్తుంది. వచ్చిన కొత్తలో పొగ అనుకుని, ఏది మాడిందోనని పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. ఉతికిన పంచె ఆరదు. బొగ్గుల కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద ఆరేస్తారు. నా పంచెలన్నీ ఇప్పుడు పొగ వాసనే. నువ్వు కట్టిచ్చిన గోంగూర పచ్చడికి బూజు పట్టింది. పైపైన తీసేసి అడుగుది తిన్నాను, పారేయడానికి చేతులు రాలేదు.

తిండికి లోటు లేదు. అన్నమే తింటారు వీళ్ళు కూడా. బంగాళాదుంప, మాంసం, ఏవో ఆకులు. పప్పు ఉంటుంది కానీ దానికి ఒక పులుపూ ఉండదు, ఒక కోపమూ ఉండదు. మిరపకాయ మాత్రం మన వేలిగోరంత ఉంటుంది. నేను మిరప పండించిన రైతునని డాబుగా ఒకటి కొరికాను. అక్కా, కాసేపు నాకు పైకి పోయిన మా ఆవిడ రూతు కనపడింది. ఎస్తేరు నా నోట్లో పంచదార పోస్తూ, "పల్నాడు పరువు తీశావు నాయనా" అని నవ్వింది.

ఇక ఒంటరితనం. దాన్ని దాచి నీ దగ్గర మంచి మాటలు రాయలేను. పొద్దున్నే ఎస్తేరు పాఠాలు చెప్పడానికి స్కూలుకు వెళితే సాయంత్రం దాకా నా చెవిన తెలుగు మాట పడదు. కింది ఇంటి పిల్లి ఒకటి పైకి వస్తుంటుంది. దానితో మాట్లాడుతూ ఉండేవాణ్ణి. దానికి ఇప్పుడు "ఇంద" అన్నా, "పోవే" అన్నా తెలుస్తుంది. గోడ మీద రూతు ఫోటో ఉంది. ఈ చెమ్మకు అద్దం లోపల ఆవిరి పడుతుంది. రోజూ తుడుస్తాను. పై అద్దమే తుడవగలను, లోపలిది చేతికి అందదు.

కింది ఇంటి ఓనరమ్మ పేరు బీనా. ఆమెను అందరూ కోంగ్ అని పిలుస్తారు. కోంగ్ అంటే వీళ్ళ ఖాసీ భాషలో అక్క. నేనూ కోంగ్ అనే పిలుస్తాను, పిలిచినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. నీ ఈడు మనిషే. ఇంటి ముందు భాగంలో చిన్న టీకొట్టు నడుపుతుంది. ఎవరు వచ్చినా ముందు వక్క, ఆకు, సున్నం చేతిలో పెడుతుంది. అది మర్యాద. మన ఎండువక్క కాదు, పచ్చి వక్క. మొదటిసారి నమిలితే చెవులు వేడెక్కి, నుదుటి మీద చెమట పోసింది. ఈ చలి ఊళ్ళో నాకు చెమట పట్టించిన వస్తువు అదొక్కటే. అందుకని రోజూ దిగి వెళ్ళి ఆమె కుంపటి దగ్గర కూర్చోవడం అలవాటైంది.

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం, నాకు వచ్చింది అంతకంటే కొంచెం. పాలు లేవా అని గిన్నె చూపిస్తే, "నో మిల్క్. బికాజ్ ఆఫ్ రెయిన్" అనేది. కరెంటు పోతే, బికాజ్ ఆఫ్ రెయిన్. కొట్టు ఖాళీగా ఉంటే, బికాజ్ ఆఫ్ రెయిన్. కొట్టు కిటకిటలాడినా అదే. మోకాలు పట్టుకుని మూలిగినా అదే మాట. రెయిన్ అంటే వాన అని నాకు తెలుసు. దాని ముందున్న ముక్క ఏమిటో తెలియక ఒక సాయంత్రం ఎస్తేరును అడిగాను.

"వల్ల అని నాయనా. వాన వల్ల."

"అంతేనా?"

"అంతే. వాన తీసేసి నీకేది కావాలంటే అది పెట్టుకో. చలి పెట్టుకో, జ్వరం పెట్టుకో."

"ఏది పెట్టినా అతుకుద్దా?"

"అతుకుద్ది. ఇంక రేపట్నుంచి ఊరి మీద పడతావు, నాకు తెలుసు."

అక్కా, నిజంగానే ఊరి మీద పడ్డాను. నా మఫ్లరు చూసి ఎవరైనా నవ్వితే, బికాజ్ ఆఫ్ కోల్డ్. చేతికర్ర ఎందుకని అడిగితే మోకాలు తట్టి, బికాజ్ ఆఫ్ దిస్. టీలో పంచదార వద్దంటే, బికాజ్ ఆఫ్ షుగర్. కోంగ్ కొట్టుకు వచ్చే ముసలివాళ్ళంతా నన్ను చూడగానే కావాలని ఏదో ఒకటి అడిగి, నా నోట ఆ మాట వచ్చేదాకా ఊరుకునేవారు కారు. వచ్చాక అందరం కలిసి నవ్వేవాళ్ళం. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఇంగ్లీషులో నలుగురిని నవ్విస్తున్నానంటే, రూతు ఉంటే నమ్మేదా? ఆ సంతోషం ఎలా చెప్పను. మనం జీవితమంతా వాన లేకపోవడం వల్ల అనే మాట మోశాం. పెళ్ళి ఎందుకు ఆగిందిరా అంటే వాన లేకపోవడం వల్ల. గేదెను ఎందుకు అమ్మారంటే వాన లేకపోవడం వల్ల. ఇక్కడ వాన వల్ల అంటుంటే, అదే బండిని అటువైపు నుంచి తోస్తున్నట్టు ఉంటుంది నాకు.

ఒక ఆదివారం గుడి అయ్యాక జరిగింది చెబుతాను, జాగ్రత్తగా విను. వీళ్ళ భాష రాకపోయినా వీళ్ళ పాటల్లో కొన్ని మన రాగాలే. వాళ్ళు ఖాసీలో పాడుతుంటే నేను అదే రాగంలో తెలుగులో పాడతాను, ఎవరూ ఏమీ అనుకోరు. ఆరాధన అయ్యాక టీ ఇస్తారు. అక్కడ ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, ఇంత దూరం ఎందుకొచ్చావు అని అడిగాడు. బికాజ్ ఆఫ్ డాటర్ అన్నాను. చిన్నకూతురా అని అడిగాడు. చిన్నదే అన్నాను. ఆయన తల ఊపి, నా భుజం తట్టి, తన పళ్ళెంలోని రొట్టె ముక్క తీసి నా పళ్ళెంలో పెట్టాడు. అందులో ఆశ్చర్యపడేది ఏమీ లేనట్టు, అలా కాక ఇంకెలా ఉంటుందన్నట్టు తల ఊపాడు.

తర్వాత ఎస్తేరు చెప్పింది. ఖాసీల్లో ఇల్లు చిన్నకూతురిదట. అమ్మానాన్నలు చివరి దాకా ఉండేది ఆమె దగ్గరేనట. తండ్రి చిన్నకూతురి ఇంట్లో అన్నం తినడం ఇక్కడ సూర్యుడు తూర్పున పొడిచినంత మామూలు సంగతి.

అక్కా, నేను బయలుదేరిన రోజు కారంపూడి బస్టాండులో మన తిరపతయ్య నలుగురిలో అన్న మాట నీకు గుర్తుందా? "ఏం జకరయ్యా, కూతురు కూడు తినడానికి పోతన్నావా" అన్నాడు. నేను తల దించుకుని బస్సెక్కాను. నువ్వు వాణ్ణి తిట్టావు గానీ, కిటికీలోంచి నా చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెడుతూ నువ్వూ అదే అన్నావు. "ఎంత జీతమొచ్చినా అది ఆడపిల్లరా. పండగ దాకా ఉండి వచ్చెయ్. నేను పోయేలోపు వచ్చెయ్" అన్నావు. తప్పు పట్టడం లేదు అక్కా. మన దగ్గర అందరూ అనేదే నువ్వూ అన్నావు. ఆ తల దించుకోవడం నాతో పాటు రైలెక్కి ఇంత దూరం వచ్చింది. ఆ పెద్దాయన రొట్టె ముక్క పెట్టిన రోజు అది దిగిపోయింది.

ఇక్కడిదాకా సంతోషం. ఒరేయ్ ప్రసాదూ, మీ అమ్మకు కాసిని మంచినీళ్ళివ్వు.

పోయిన నెలలో ఒక రోజు వాన ఎక్కువై స్కూలుకు సెలవిచ్చారు. నేను చాప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. ఎస్తేరు కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. వాళ్ళ ప్రిన్సిపాల్ అని గొంతును బట్టి తెలిసింది, అమ్మాయి గొంతు అప్పుడు ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఇంగ్లీషు నా చెవి పక్క నుంచి కాలవలాగా పోతోంది, నేను నా కాయలు ఒలుచుకుంటున్నాను. ఇంతలో ఆ కాలవలోంచి నాకు తెలిసిన ముక్క పైకి తేలింది. "ఐ కెనాట్ గో సర్. బికాజ్ ఆఫ్ మై ఫాదర్."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నేను ఆ మాట నేర్చుకోకపోయి ఉంటే ఆ రోజు కూడా మామూలు రోజులాగే పోయేది. ఫోను పెట్టేశాక ఎవరే అని అడిగితే, "స్కూలు సంగతిలే నాయనా" అని బఠాణీల గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కోంగ్‌ను అడిగాను. ఎస్తేరు ఆమె దగ్గర ఏదీ దాచదు. చెప్పడానికి ముందు వెనకాడి, తర్వాత చేతులతోనూ, వచ్చీరాని ఇంగ్లీషుతోనూ చెప్పింది. ఎస్తేరుకు వైస్ ప్రిన్సిపాల్ ఉద్యోగం వచ్చిందట. కానీ ఇక్కడ కాదు, మిజోరాంలో ఒక చిన్న కొండ ఊళ్ళో. ఎన్నో ఏళ్ళుగా దాని కోసం చదివి పరీక్షలు రాస్తోంది. అది వద్దంటోందట. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు కదా. అయినా కోంగ్ వేలు తీసి నా వైపు చూపించింది.

అక్కా, వాళ్ళమ్మ పోయినప్పుడు ఎస్తేరు ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదు. నువ్వే అన్నావు, ఈ పిల్లకు గుండె లేదేమిరా అని. గుండె లేక కాదు. మట్టి వేసిన చేతులు కడుక్కోగానే, "నాయనా, నీ బట్టలు సర్దుకో" అంది. అప్పటి నుంచి నన్ను మోస్తోంది. నా మందులు, నా మఫ్లరు, నా పప్పులోకి పులుపు. ఆ మోత వల్ల తను ఎక్కవలసిన మెట్టు దగ్గరే నిలబడిపోయిందని నాకు తెలియలేదు. వాన వల్ల బస్సు ఆగినట్టు నా వల్ల నా బిడ్డ ఆగింది.

ఆ మర్నాడు అమ్మాయి స్కూలుకు వెళ్ళగానే సంచి సర్దాను. పంచెలు, బైబిలు, మందు. గోడ మీది రూతు ఫోటో తీసి పంచెల మధ్య పెట్టాను. గోడకు మేకు మిగిలింది. నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను అక్కా, నీ వెల్ల వేసిన గదికి. నేను అక్కడ ఉంటే ఎస్తేరు ఎక్కడికైనా వెళుతుంది అనుకున్నాను. చెబితే పోనివ్వదు కాబట్టి చెప్పకుండా దిగాను. కోంగ్ దగ్గరికి వెళ్ళి, సంచి చూపించి, గువాహటి బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగాను.

ఆమె నా సంచి వంక చూసింది. నా ముఖం వంక చూసింది. "నో బస్" అంది. "రోడ్ బ్రోకెన్." ఇంకా ఏదో చెప్పబోయింది గానీ నేనే చెప్పేశాను, బికాజ్ ఆఫ్ రెయిన్ అని. ఇద్దరం నవ్వాము. నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది. ఆమె లేచి కొట్టు తలుపు చేరవేసి, నన్ను కుంపటి దగ్గర వెదురు మోడా మీద కూర్చోబెట్టి, వక్క చేతిలో పెట్టింది.

అప్పుడు తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఆమెకు కలకత్తాలో పెద్ద ఆసుపత్రిలో నర్సు పని వచ్చిందట. పెట్టె కూడా కొనుక్కుందట. కానీ తను చిన్నకూతురు, ఇల్లు తనది, తల్లి తనది. వెళ్ళలేదు. బికాజ్ ఆఫ్ మదర్ అంది. యు సాడ్ అని అడిగాను. నాకు అంతకంటే రాదు. ఆమె కుంపట్లో నిప్పులు ఎగదోసి, "సమ్ డేస్" అంది. తల్లికి ఆ సంగతి తెలుసట. ఏ రోజూ నోరు తెరవలేదట. పద, ఇద్దరం వెళదాం అని అమ్మ ఒక్కసారి అని ఉంటే ఇంటికి తాళం వేసి వెళ్ళేదాన్ని అంది. ఆ పెట్టె ఇంకా కొట్టు వెనక ఉంది. అందులో టీ పొడి పోసుకుంటోంది.

తర్వాత నా వైపు తిరిగి, మీ ఇల్లు అని అడిగింది. ఎత్తుకెళ్ళలేని ఇల్లు నీకు ఉందా అని ఆమె అడిగినట్టు అనిపించింది. ఉన్న ఇల్లు మా పెద్దమ్మాయి శాంతికి ఇచ్చేశాను. చేను కౌలుకు ఇచ్చేశాను. నాకు అక్కడ మిగిలింది రూతు సమాధి, నువ్వు. మీ ఇద్దరినీ ఎత్తుకెళ్ళలేను అక్కా. ఎంతసేపు ఆలోచించినా ఆ లెక్క తేలలేదు. కానీ నేను మాత్రం ఎత్తుకెళ్ళదగ్గ సామానే. ఆ మాట అక్కడ కూర్చునే దాకా నాకు తట్టలేదు. ఉండడమో, తిరిగి వచ్చేయడమో అనుకున్నాను గానీ, ఇంకా ముందుకు పోవచ్చునని తట్టలేదు.

సంచి పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాను. సర్దినది విప్పలేదు. సాయంత్రం ఎస్తేరు వచ్చి గొడుగు మూలన పెట్టి, ఖాళీ మేకు చూసింది.

"నాయనా, అమ్మ ఫోటో ఏదీ?"

"సంచిలో."

"సంచెందుకు సర్దావు? యాడికి?"

"పొద్దునేమో కారంపూడికి. ఇప్పుడు మిజోరాంకి."

"నీకెవరు చెప్పారు? కోంగా?"

"నువ్వే చెప్పావు ఫోన్లో. బికాజ్ ఆఫ్ మై ఫాదర్ అని. ఆ ముక్క నాకు నేర్పింది నువ్వేగా."

కుర్చీలో కూలబడింది. తడి చెప్పులు కూడా విప్పలేదు. "అక్కడ పెద్దాసుపత్రి చానా దూరం నాయనా. అమ్మకేమైందో చూశాం గదా. నరసరావుపేట చేరేలోపే దారిలో అయిపోయింది. ఒళ్ళో పెట్టుకున్నది నేను. ఇంకోసారి అట్టాంటి దారి నా వల్ల కాదు."

"ఒసే పిచ్చిదానా, నా ఆయాసం ఇక్కడున్నా ఆయాసమే, కారంపూడిలో ఉన్నా ఆయాసమే. పోయేటప్పుడు దాని వల్లే పోతా, కొండ వల్ల పోను. నువ్వు ఆగిపోతే మాత్రం అది నా వల్ల. అది నేను మొయ్యలేనే. మోకాళ్ళకు అంత బలం లేదు."

"మాటలు బాగా నేర్చావు."

"బికాజ్ ఆఫ్ యు."

అది నవ్వలేదు. "మరి అత్తకేం చెప్తావు? నీకోసం మంచం అల్లించుకుని కూర్చుంది. ఆమె వయసేంది, నీ వయసేంది. మళ్ళీ చూసుకుంటారో లేదో" అంది.

"మీ అత్తకు ఉత్తరం రాస్తాలే" అన్నాను. అంతే. అది వచ్చి నా మోకాలి మీద తల పెట్టి, వాళ్ళమ్మ పోయాక మొట్టమొదటిసారి ఏడ్చింది. రేకుల మీద అంత వాన పడుతున్నా దాని ఏడుపే వినపడింది నాకు. అమ్మా అనే ఒక్క మాట తప్ప ఏమీ అనలేదు. నేను తల నిమురుతూ కూర్చున్నాను. బిడ్డ ఏడుస్తుంటే నా ఒళ్ళంతా సంతోషంతో నిండిపోయింది. ఇదేం తండ్రి అని తిట్టుకో అక్కా. దాని గుండె అక్కడే ఉంది, ఏమీ కాలేదు. నువ్వు ఇక బెంగపడొద్దు.

మర్నాడు అది ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడి చెవి పెట్టి విన్నాను. ఏమి చెప్పిందో నాకు తెలియదు. ఆ ముక్క మాత్రం వినపడలేదు. ఎంత వెతికినా వినపడలేదు.

క్రిస్మస్ అవగానే బయలుదేరుతున్నాము. ఇది విన్నాక నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ముందు కోపం వస్తుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంటావు. చిన్నప్పుడు నాగులేరు పొంగితే నన్ను చంకన వేసుకుని అవతలికి దాటించావు. నడుం లోతు నీళ్ళలో, నీకూ భయమే, అయినా నా కళ్ళు మూసి నడిచావు. అవతలి గట్టు మీద దింపి, పోరా అన్నావు. ఈసారి కూడా అలాగే పోరా అను అక్కా. నువ్వు ఆ మాట అంటే నేను ఎంత దూరమైనా పోగలను. అనకపోతే సంచి మోయలేను.

కొన్ని చిన్న పనులు చెబుతున్నాను. ఆ కొత్త నులక మంచం మీద నువ్వే పడుకో, నీ పాత మంచం కుంగిపోయింది, నడుం పాడవుతుంది. ఈ ఏటి కారం కొట్టించగానే కాస్త పంపించు, గోంగూర గింజలు కూడా. ఆ కొండ మీద మొలుస్తుందో లేదో చూస్తాను. ఎస్తేరును పెళ్ళి మాట ఇక ఫోన్లో అడగొద్దు, అరిచి అడుగుతావు, కింద ఉన్నవాళ్ళకు కూడా తెలిసిపోతోంది. సమాధుల పండుగకు ప్రసాదు చేత రూతుకు సున్నం కొట్టించు. పక్కన నాకని వదిలిన చోటు అలాగే ఉంచండి. దేవుని చిత్తమైతే వస్తాను. రాలేకపోతే అందులో బంతినారు పోయించు. రూతుకు బంతిపూలంటే ఇష్టం.

తమ్ముడు ఎందుకు రాలేదని గుడి దగ్గర అడుగుతారు. బస్టాండులో తిరపతయ్య కూడా అడుగుతాడు. కూతురి వల్ల అని చెప్పు. తల ఎత్తి చెప్పు. నేను నీ పక్కన నిలబడి ఉన్నట్టు అనుకుని చెప్పు.

పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి వందనాలు. పెద్దలందరికీ నా నమస్కారాలు, శాంతికీ దాని పిల్లలకూ నా ముద్దులు. కోడల్ని బాగా చూసుకో, నీకు అన్నం పెట్టేది ఆ అమ్మాయే. ఇక్కడ నేను బాగున్నాను. అన్నం తింటున్నాను. మందు పీలుస్తున్నాను. నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని ఈ సంచి ఎత్తుకుంటున్నాను.

నువ్వు చంకన మోసిన తమ్ముడు,
జకరయ్య

ఇంకొక ముక్క. ఒరేయ్ ప్రసాదూ, చివరి పేజీలో అక్షరాలు చెదిరాయి, కూడబలుక్కుని చదువు. ఇందాక కోంగ్ టీ తీసుకుని పైకి వచ్చింది. తడిసిన కాగితం చూసి, ఇల్లు కారుతోందేమోనని కంగారుగా పైకప్పు వంక చూసింది. "రెయిన్?" అంది.

కాదన్నాను. బికాజ్ ఆఫ్ సిస్టర్ అన్నాను.